కుడి భుజం మీద పైట

పోయినవారం మనం స్రవంతిని స్విండన్ వెళ్ళే రైల్లో, గొంతులో వెలక్కాయ పడ్డట్టున్న ముఖంతో వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అలాగే కూర్చుని ఉంది. పక్క సీట్లో ఆమె అమ్మమ్మ వెంకటరమణమ్మగారు చీర మీద కార్డిగన్, కాళ్ళకు తెల్లటి ట్రైనర్స్ వేసుకుని, పెళ్ళికి బయల్దేరినంత హుషారుగా కిటికీలోంచి గొర్రెల్ని లెక్కపెడుతోంది.

ఈ అమ్మమ్మ సామాన్యురాలు కాదని మనకు తెలుసు. అరవై రెండేళ్ళ కిందట, తన ఇరవై నాలుగో ఏట, మద్రాసులో 'చీకటి వాటా' అనే హత్య సినిమా తీసింది. ఆడపిల్ల తీసిన హత్య సినిమా అంటే ఎవరూ కొనరని, పోస్టర్ల మీద ఆమె సహాయ దర్శకుడు వెంకటాచలంగారి పేరు వేయించారు. సినిమా నాలుగు రోజులాడి వెళ్ళిపోయింది. వెంకటాచలంగారు విడుదలకు ముందే ఇంగ్లండు వచ్చేసి, లీడ్స్‌లో బస్సు నడిపి, అక్కడే కన్నుమూశారు. స్టూడియో మూతపడినప్పుడు ఎవరో ఆయనకు పంపిన పది రీళ్ళు మొన్నీమధ్య ఆయన కొడుకు పార్థసారథి ఇంటి అటక మీద దొరికాయి. పదకొండోది, అంటే హంతకుడెవరో చెప్పే రీలు, దొరకలేదు. శనివారం లీడ్స్‌లో ప్రదర్శన. రీళ్ళు పార్థసారథివి కాబట్టి ఆయన సంతకం పెడితేనే కొత్త టైటిల్ కార్డు మీద అమ్మమ్మ పేరు పడుతుంది. ఆయనేమో సినిమా మా నాన్నగారిదేనని భీష్మించుకు కూర్చున్నాడు. ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకల్లా కార్డు ఖాయం చేసేయాలి.

ఇక వెలక్కాయ సంగతి. స్రవంతి సాఫ్ట్‌వేర్ టెస్టర్. తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం. ఏడో రీలులో కథానాయిక పైట కుడి భుజం మీద ఉండటం, అన్నం ఎడమచేత్తో తినడం చూసి, ఎవరో ఫిల్మును తిరగేసి పెట్టారనుకుంది. రీళ్ళను బాగుచేస్తున్న హేజెల్‌కు వెంటనే ఈమెయిల్ కొట్టింది, ఏడో రీలును కుడి ఎడమలు మార్చి వెయ్యమని. హేజెల్ మార్చేసింది. పైట బుద్ధిగా ఎడమ భుజం ఎక్కింది. కానీ రైలు రీడింగ్ స్టేషన్ దాటుతుండగా స్రవంతికి హఠాత్తుగా ఒక అనుమానం వచ్చింది. రీలు తిప్పాక, అదే రీలులో పాలల్లో విషం కలిపే హంతకుడి చెయ్యి కుడిచెయ్యి అయింది కదా. మరి ఎనిమిదో రీలులో పోలీసులు ఎడమచేతివాటం మరిదిని ఎందుకు పట్టుకెళ్ళారు?

అమ్మమ్మను అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ అమ్మమ్మ కొత్త గొర్రెను చూపించింది.

* * *

హేజెల్ పనిచేసే చోటు స్విండన్ ఊరి చివర, టైర్ల దుకాణం పక్కన చిన్న షెడ్డు. లోపల మాత్రం ఆసుపత్రి అంత శుభ్రంగా ఉంది. యాభై దాటిన హేజెల్ చేతులకు తెల్ల గ్లవ్స్ వేసుకుని, కొత్త కోడలికి స్వాగతం చెబుతున్నట్టు తలుపు దగ్గరే నిలబడింది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ ఆరు నెలలుగా ఈ సినిమాతోనే బతుకుతోంది. అమ్మమ్మను చూడగానే రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

పార్థసారథి అప్పటికే వచ్చి కూర్చున్నాడు. లీడ్స్ నుంచి పొద్దున్న ఐదింటికి కారులో బయల్దేరాడట. అరవై రెండేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో స్టీలు డబ్బా. అమ్మమ్మను చూసి లేచి నమస్కారం పెట్టాడు.

"రండమ్మా, కూర్చోండి. ప్రయాణం బాగా జరిగిందా? మా ఆవిడ పులిహోర పంపింది. తగువు తగువే, భోజనం భోజనమే అందండి."

"మీ ఆవిడ బంగారంరా నాయనా" అంది అమ్మమ్మ. "తగువు తరవాత చూసుకుందాం. డబ్బా ఇలా ఇయ్యి."

స్రవంతికి ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు. అదే ఆమెకు పెద్ద చిక్కయింది. హేజెల్ ఇచ్చిన అంగీకార పత్రం పార్థసారథి శ్రద్ధగా నింపాడు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ అన్నీ రాసి, సంతకం గడి దగ్గర పెన్ను మూత పెట్టేశాడు.

"ఆగస్టు రెండు, నైన్‌టీన్ సిక్స్‌టీ త్రీ" అని చదివింది స్రవంతి. "అయితే మీరూ సినిమా ఒకే వయసు, అంకుల్."

"అవునమ్మా. శ్రావణ శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం రోజు పుట్టాను. అమ్మ పీటల మీద కూర్చోబోతూ ఆసుపత్రికి వెళ్ళిందిట. నాన్నగారు ముందురోజే మద్రాసు నుంచి గుంటూరు వచ్చేశారు కాబట్టి సరిపోయింది. నన్ను మొదట ఎత్తుకుంది ఆయనే." చెబుతుంటే ఆయన గొంతు మెత్తబడింది. "అమ్మా, మీరంటే గౌరవం లేక కాదు. మా నాన్నగారికి జీవితంలో ఉన్నది ఆ ఒక్క సినిమాయే. ఇరవై ఏళ్ళు డబుల్‌డెక్కర్ తోలిన మనిషి, ఎవరైనా అడిగితే 'నేనొక సినిమా చేశాను' అని చెప్పుకునేవారు. ఆ పేరు నా చేత్తో ఎలా కొట్టేస్తాను? చెప్పండి."

అమ్మమ్మ పులిహోర నములుతూ ఆయన్ని తేరిపారా చూసింది. "ముందు సినిమా చూపించమనవే" అంది మనవరాలితో.

హేజెల్ దీపాలార్పింది. ఏ రీలుతో మొదలుపెట్టమంటారని అడిగితే, అమ్మమ్మ క్షణం కూడా ఆలోచించకుండా ఏడు వేళ్ళు చూపించింది. స్రవంతి కుర్చీలో ఇంకొంచెం కిందికి జారింది.

తెర వెలిగింది. అద్దెవాటాల పెంకుటిల్లు, వసారా, వసారా అవతల వంటగది. గోడ మీద పొడుగాటి నీడ ఒకటి కదిలింది. కోడలు పీట వాల్చుకుని అన్నం తింటోంది. వెనకాల ఎవరిదో చెయ్యి, చెయ్యి మాత్రమే, పాలగ్లాసులో ఏదో కలుపుతోంది. అరవై ఏళ్ళ నాటి బొమ్మ నిన్న తీసినంత నిగనిగలాడుతోంది. స్రవంతికి ఎన్నిసార్లు చూసినా ఆ చెయ్యి కనపడగానే భయం వేస్తుంది.

"ఆపు!"

అమ్మమ్మ కేక టైర్ల దుకాణం దాకా వినిపించే ఉంటుంది. భాష రాకపోయినా హేజెల్ చటుక్కున ఆపేసింది.

"ఎవరే నా రీలు తిప్పింది?"

స్రవంతి చెయ్యెత్తింది, స్కూల్లో ఎత్తినట్టు. చిత్రమేమంటే, పక్కనే పార్థసారథి కూడా ఎత్తాడు.

"నేనే, అమ్మమ్మా. సారీ. పైట రాంగ్ సైడ్ ఉంది కదా, ఎర్రర్ అనుకున్నా."

"నేను కూడా ఈమెయిల్ పెట్టానండి" అన్నాడు పార్థసారథి ధైర్యంగా. "ల్యాబువాళ్ళు తిరగేసి ప్రింటేశారని నాన్నగారు పోయేదాకా బాధపడ్డారు. ఏడో రీలు నా పరువు తీసింది రా అనేవారు. ఎనిమిదోదాంట్లో ఆ అరెస్టు సంగతి రాతలోనే తప్పనేవారు. ఎప్పటికైనా బాగుచేయించాలని నా చేత మాట తీసుకున్నారు."

అమ్మమ్మ ఆయన వంక చూసింది. మనవరాలి వంక చూసింది. ఆ తరవాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు మామూలు నవ్వు కాదు. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళద్దాలు తీసేసి, పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, ఆగి, మళ్ళీ మొదలుపెట్టి నవ్వింది. ఏమైందో తెలియకపోయినా హేజెల్ కూడా నవ్వేసింది.

"ఓసి పిచ్చిమొహమా! అది తప్పు కాదే. అదే సినిమా!"

"అంటే?"

"కాలు విరిగి మంచం మీద ఉన్న గుమాస్తా ఉన్నాడా? హత్య చూసిన సాక్షి అతనొక్కడే. వంటగది అతని తలవైపుంది. మంచం మీంచి లేవలేడు. మరెలా చూశాడంటావు?"

స్రవంతి మెదడులో పది రీళ్ళూ గిర్రున తిరిగాయి. గుమాస్తా గది. మంచం. మంచం కాళ్ళవైపు గోడ. ఆ గోడకు ఆనించి...

"బీరువా" అంది మెల్లగా. "బీరువాకి అద్దం ఉంది."

"ఆఁ! రీలు రీలంతా అద్దంలోనే తీశాను. కెమెరా వంటగది వైపు చూడనే చూడలేదు. అద్దం అంచు ఎక్కడా కనపడనివ్వలేదు. పదకొండో రీలులో కెమెరా వెనక్కి జరుగుతుంది, అప్పుడు అంచు కనపడుతుంది. ఎడమచెయ్యని ఊరంతా అనుకున్నది కుడిచెయ్యి. పాపం ఆ మరిది ఉరికంబం దాకా వెళ్ళి బతికి బయటపడతాడు."

స్రవంతి ఇదంతా గబగబా హేజెల్‌కు ఇంగ్లీషులో చెప్పింది. హేజెల్ రెండు చేతులతో నోరు మూసుకుని, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటిది వినలేదని, ఈ ఒక్క రీలు కోసం మిగతా జీవితమంతా ఈ షెడ్డులో గడిపేయొచ్చని అంది.

"కానీ అమ్మమ్మా, ఆడియన్స్‌కి ఎలా తెలుస్తుంది? క్లూ ఏదీ?"

"నువ్వెలా పట్టావే?"

"పైట చూసి."

"మరి! అది ఆడవాళ్ళ కోసం పెట్టిన ఆధారం. మగవాళ్ళు ఆ చెయ్యి వంక చూస్తారు, కత్తీ విషం అంటూ కూర్చుంటారు. పైట ఏ భుజాన ఉందో వాళ్ళకేం పట్టింది? బెజవాడలో మొదటాట చూట్టానికి వెళ్ళి లేడీస్ క్లాసులో కూర్చున్నాను. నా వెనకాల ఒకావిడ పిల్లకి పాలిస్తూ, 'ఏవిటమ్మా పైట అటేసుకుంది, అద్దంలోనా ఏవిటి కొంపదీసి' అంది. మొగుడు నోర్ముయ్యమన్నాడు. ఆవిణ్ణి లేచి కావిలించుకుందామనుకున్నాను." అమ్మమ్మ కళ్ళు మెరిశాయి. "మన వెంబ్లీ పేటలో ఉండే గుజరాతీ ఆంటీలు చూస్తే మాత్రం ఏ తప్పూ కనపడదు. వాళ్ళు పైట కుడి భుజం మీదే వేసుకుంటారు కదా."

స్రవంతి ఆనందం పట్టలేక అమ్మమ్మ మెడచుట్టూ చేతులు వేసేసింది. చిన్నప్పట్నుంచి ఇంట్లో అందరూ 'అమ్మమ్మ సినిమా' అంటే మురిపెంగా నవ్వేసి ఊరుకునేవాళ్ళు. ఇది కాశీమజిలీ కథ కాదు. ఈవిడ నిజంగా తీసింది. తనకు తెలుసు, హేజెల్‌కు తెలుసు.

పార్థసారథి మాత్రం పెన్ను మూత తియ్యలేదు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు. "కానీ ఆలోచన నాన్నగారిదే కావచ్చు కదండీ. చివర్లో ఆయనకి జ్ఞాపకశక్తి తగ్గింది. తను చేసిందే తను మరిచిపోయి తప్పనుకున్నారేమో. మీరు అక్కడ ఉన్నారు, విన్నారు, మీకు గుర్తుంది. అంతమాత్రాన..."

ఆయన వాక్యం పూర్తి చేయలేదు. పూర్తి చేయక్కర్లేకుండానే స్రవంతి ఉత్సాహం మీద నీళ్ళు చల్లినట్టయింది. గోడ మీద గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. ఆయన మాట అన్యాయం కాదు. టెస్టర్‌గా తనైనా ఇదే అడిగేది. ఋజువేదీ?

"తిప్పిన రీలు మళ్ళీ తిప్పించి చూద్దాం" అంది, ఏమీ తోచక. హేజెల్ మీటలు నొక్కింది. పైట తిరిగి కుడి భుజానికి చేరింది. విషం కలిపే చెయ్యి ఎడమచెయ్యి అయింది. కోడలు అన్నం కలుపుతోంది. స్రవంతి ఈసారి సినిమా చూడటం మానేసి, ఆఫీసులో స్క్రీను చూసినట్టు మూల నుంచి మూలకు వెదుకుతూ వెళ్ళింది.

"హేజెల్, స్టాప్. ఆ మణికట్టు పెద్దది చెయ్యగలవా?"

తెరనిండా కథానాయిక ముంజెయ్యి వచ్చింది. గాజుల వెనక సన్నటి దారం చుట్ట, ముడులు, మధ్యలో ఒక పువ్వు.

"ఇదేంటి అమ్మమ్మా? ఫ్రెండ్‌షిప్ బ్యాండా?"

"ఫ్రెండ్‌షిప్పా నీ మొహమా! తోరం. వ్రతం తోరం. అయ్యో రాత, ఇది మరిచేపోయానే!" అమ్మమ్మ కుర్చీ అంచుకు వచ్చేసింది. "ఆ రోజు ఆ పిల్లతో ఎంత గొడవో! ఇంట్లో పూజ ముగించుకుని హారతి కళ్ళకద్దుకుని నేరుగా సెట్టుకొచ్చింది. తోరం తియ్యవే, కథలో పండగా పబ్బం లేదు, వేళ కాని వేళ తోరమేవిటి అన్నాను. తలకాయైనా తీస్తాను గానీ తోరం తియ్యనంది. సరే ఉంచుకోమన్నాను. అందరికీ కుడిచేతికి కడతారా, అద్దంలో చూడు, ఎడమచేతికి వచ్చింది. నాకు అదీ కలిసొచ్చింది."

"పువ్వు ఫ్రెష్‌గా ఉంది" అంది స్రవంతి, నెమ్మదిగా. "రేకులు వాడలేదు. అంటే ఆ రోజే కట్టుకుంది."

"ఆ రోజే అంటున్నాగా. చామంతి. పూజయ్యి గంట కాలేదు."

స్రవంతి ఫోను తీసింది. సినిమా జూన్‌లో మొదలైందని అమ్మమ్మ ఎన్నిసార్లో చెప్పింది, అక్టోబరులో సెన్సారైందని మొదటి రీలు ముందున్న సెన్సారు కాగితం మీదే ఉంది. ఆ మధ్యలో వరలక్ష్మీ వ్రతం ఒక్కటే వస్తుంది. క్యాలెండరును వెనక్కి, వెనక్కి, అరవై రెండేళ్ళు వెనక్కి జరిపింది. శుక్రవారం, ఆగస్టు రెండు.

ఆమె తల తిప్పి పార్థసారథి వంక చూసింది. అడగాల్సిన పని లేకపోయింది. ఆయన ముందే ఒళ్ళోని అంగీకార పత్రం వంక చూస్తున్నాడు, తన చేత్తో తాను రాసుకున్న తేదీ వంక.

"నాన్నగారు గుంటూరులో ఉన్నారు" అన్నాడు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "నన్నెత్తుకున్నారు."

"నువ్వు పుట్టావని టెలిగ్రాం ఇచ్చాడు నాయనా" అంది అమ్మమ్మ. ఆమె గొంతులో ఇప్పుడు నవ్వు లేదు, ప్రేమ ఉంది. "సెట్లో అందరికీ లడ్డూలు పంచాను. ఎందుకీ లడ్డూలని అడిగితే మా అసిస్టెంటుగారికి కొడుకు పుట్టాడన్నాను. మీ నాన్న నెలదాకా రాలేదు. వచ్చి వారం తిరక్కుండానే ఇంగ్లండు కాగితాలొచ్చాయి, వెళ్ళిపోయాడు. అద్దం సంగతి ఆయనకి చెప్పే తీరికే నాకు లేకపోయింది. చివరి రీలు కథ ఎవరికీ చెప్పకుండా దాచాను కూడానూ. చెబితే మేకప్ గదిలోనే బయటపడిపోతుందని. అంతే గాని నీ తండ్రి దొంగ కాడు. 'నేనొక సినిమా చేశాను' అన్నాడు కదా. చేశాడు. నా పక్కన నిలబడి, ఎండలో ట్రాలీ తోసి చేశాడు. తీశానన్నాడా ఎప్పుడైనా?"

పార్థసారథి తండ్రి మాటలన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుంటున్నాడని స్రవంతికి అర్థమైంది.

"అనలేదండి" అన్నాడు చివరికి. కళ్ళనిండా నీళ్ళు, మూతి మీద నవ్వు. "తీశానని ఎప్పుడూ అనలేదు. నేనే అనుకున్నాను."

పెన్ను మూత తీశాడు. సంతకం పెట్టాడు. దర్శకత్వం అన్న చోట వెంకటరమణమ్మ అని తెలుగులో, గుండ్రంగా, చిన్నపిల్లాడు కాపీ రాసినట్టు రాశాడు. దాని కింద ఒక్క గీత గీసి, సహాయ దర్శకుడు వెంకటాచలం అని రాయొచ్చా అన్నట్టు అమ్మమ్మ వంక చూశాడు.

"నా పేరంత పెద్దగా రాయి" అంది అమ్మమ్మ.

స్రవంతి ఏడ్చేసింది. హేజెల్ కూడా ఏడ్చింది. అమ్మమ్మ మాత్రం ఏడవలేదు. కాగితం దగ్గరగా తెచ్చుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, తన పేరు అక్షరం అక్షరం చదువుకుంది. అరవై రెండేళ్ళ తరవాత ఆమె పేరు ఆమె సినిమా పక్కన నిలబడింది. స్రవంతికి ఆ ముఖం చూస్తుంటే గర్వంతో ఒళ్ళు పులకరించింది.

పార్థసారథి లేచాడు. ఏదో ఇబ్బందిగా కాలర్ సర్దుకున్నాడు.

"అమ్మా, ఒక్క నిమిషం. కారు డిక్కీలో ఇంకొకటుంది. తప్పుగా అనుకోవద్దు. దాచాలని కాదు. అది వేరే ఎవరిదో అనుకున్నాను. కానీ ఎందుకో పొద్దున బయల్దేరేటప్పుడు పెట్టుకొచ్చాను."

తిరిగొచ్చినప్పుడు ఆయన చేతుల్లో తుప్పు పట్టిన ఫిల్మ్ డబ్బా ఉంది. మూత చుట్టూ ప్లాస్టర్ అంటించి ఉంది, ఎన్నడూ విప్పినట్టు లేదు. దాని మీద ఇంకుతో రాసిన అక్షరాలు వెలిసిపోయినా చదవడానికి వీలుగానే ఉన్నాయి. స్రవంతికి చేతిరాత తెలుగు చదవడం సరిగా రాదు. పార్థసారథే చదివాడు.

"ఇది నాది కాదు. ఆవిడ వచ్చి అడిగినప్పుడు ఇవ్వాలి."

అమ్మమ్మ డబ్బా మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. "పదకొండోది" అంది. "చూడకుండా ఉంచాడే! ఆ అద్దం ముడి ఇందులోనే ఉంది. ఒక్కసారి మూత తీసి ఉంటే జన్మంతా బాధపడే పని తప్పేది కదా, పిచ్చి మహారాజు."

హేజెల్ కొత్త గ్లవ్స్ తొడుక్కుంది. ఫిల్ము పాడైతే వెనిగర్ వాసన వస్తుందని, వాసన చూసే వరకూ ఎవరూ ఆశ పెట్టుకోవద్దని హెచ్చరించింది. ప్లాస్టర్ కోసి, మూత అంచున స్క్రూడ్రైవర్ దూర్చి, ఒక్కొక్క వైపూ ఓపికగా లేపింది. మూత టప్పున ఊడి వచ్చింది. హేజెల్ వంగి, గట్టిగా వాసన పీల్చింది.

ఆమె ముఖం వికసించింది. బతికే ఉంది!

స్రవంతీ పార్థసారథీ ఒకరినొకరు పట్టుకుని గెంతారు. అరవై రెండేళ్ళ ఆయన గెంతుతుంటే ఇస్త్రీ చొక్కా ప్యాంటులోంచి బయటికొచ్చేసింది. కానీ హేజెల్ ఇంకా డబ్బాలోకే చూస్తోంది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. పై రీలును జాగ్రత్తగా పక్కకు ఎత్తి, కిందనున్న దాన్ని వేలితో చూపిస్తూ స్రవంతితో ఏదో అంది.

"అమ్మమ్మా" అంది స్రవంతి. "ఇందులో ఒకటి కాదు, రెండు రీళ్ళున్నాయిట. కింద దానికి ఎర్ర దారం కట్టి ఉంది."

డబ్బా వైపు చాచిన చెయ్యి అమ్మమ్మ చటుక్కున వెనక్కి తీసుకుంది. ఆమె ముఖంలోని నవ్వు చెరిగిపోయింది.

"ఎర్ర దారమా? సరిగ్గా చూడమనవే. ఎర్ర దారం కట్టింది ఈ సినిమాకి తీసిన రెండో ముగింపు రీలుకే. దాన్ని స్టూడియో వెనకాల, నా కళ్ళెదుటే, నేనే దగ్గరుండి తగలబెట్టించాను." ఆమె పార్థసారథి వైపు తిరిగింది. "మరి ఆ రోజు మేం తగలబెట్టింది ఏవిటి?"